ఆనుకుని తొక్కే జంట ట్రైక్‌ను సీజన్‌కి రెడీ చేయడం

వానలు తగ్గి అనంతపురంలో చలి మొదలవగానే ట్రైక్ (ఇద్దరు వెనక్కి ఆనుకుని కూర్చుని తొక్కే మూడు చక్రాల సైకిల్) బయటికి తీస్తాం కదా, ముందు చైన్ చూడండి, ఎందుకంటే ఇది మామూలు సైకిల్ చైన్‌కి ఎన్నో రెట్లు పొడవు, ప్లాస్టిక్ గొట్టాల్లోంచి, చైన్‌కి దారి చూపే చిన్న ఐడ్లర్ చక్రాల మీదుగా పోతుంది, మన ఎర్రదుమ్మంతా అక్కడే చేరుతుంది. గొట్టాలు కడిగి ఆరబెట్టి, చైన్ తుడిచి, డ్రై లూబ్ (వేశాక ఆరిపోయే చైన్ నూనె) కొద్దిగా వేయండి. ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, దుమ్ము పట్టేస్తుంది.

ముందున్న రెండు చక్రాల మధ్య దూరం ఇరుసు ఎత్తులో, చక్రాల ముందు అంచుల దగ్గరా వెనక అంచుల దగ్గరా కొలవండి. ముందువైపు ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువుంటే చాలు, తేడా ఎక్కువైతే టైర్లు తొందరగా అరిగిపోతాయి. టైర్లలో తుమ్మముళ్ళు తీసేయండి.

ఇద్దరి బరువు ఆపాలి కాబట్టి అరిగిన బ్రేక్ ప్యాడ్లు మార్చాల్సిందే. సీటు బోల్టులు బిగించండి. ఇంత కిందుగా కూర్చుంటే 44వ నంబర్ హైవే మీద లారీవాళ్ళకి కనబడం, పొడవాటి జెండా తప్పకుండా కట్టండి.