పాత కారుకు కొత్త కార్పెట్: కత్తెర పట్టే ముందు

పాత కారులో చిరిగిపోయిన కార్పెట్‌ను పీకగానే పారేయకండి. కొత్తదానికి అంతకంటే మంచి నమూనా దొరకదు. రెండింటినీ బోర్లా పరచి, చుట్టూ 2 సెంటీమీటర్లు వదిలి గీత గీయండి. ఒకటి వెల్లకిలా ఉంటే ఎడమవైపు ముక్క కుడివైపుకు తయారవుతుంది; ఆ ఘనకార్యం నేను చేశాను.

ముందుగా మధ్యలోని గేరుబాక్సు ఉబ్బు మీద పరచండి, నేల ముక్కలు తర్వాత. వంపు దగ్గర ముడతలు పడితే ఆవిరి పట్టి చేత్తో అదమండి, దారికొస్తుంది. నేల ముక్కలకు మాత్రం జిగురు వద్దు. నీళ్లు దిగినప్పుడు తీసి ఆరబెట్టకపోతే కింది రేకు తుప్పు పడుతుంది.

సీటు బోల్టుల రంధ్రాలకు డ్రిల్లు జోలికి పోవద్దు. పోగు బిట్టుకు చుట్టుకుందంటే కళ్ల ముందే బారెడు చార లేచిపోతుంది. దబ్బనంతో చోటు గుర్తించి, నైలాన్ కార్పెట్ అయితే వేడి సాల్డరింగ్ ఐరన్‌తో గుచ్చండి. అంచు కరిగి పోగులు ఊడవు. ఉన్ని అయితే పదునైన పంచ్ మేలు.

ఇంజన్ ఆపి ఉండగానే యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి వదలండి. పెడల్ కార్పెట్ అంచుకు తగులుకుంటే అక్కడ మరికాస్త కత్తిరించాల్సిందే.