సంపు కడిగేటప్పుడు మనిషి ప్రాణానికి ముప్పు లేకుండా పని ఎలా చేయించాలి?

ఒక ట్రాలీ ఆటో, ఒక జెట్ పంపు, ముగ్గురు కుర్రాళ్లు ఉంటే చాలు, సంపులు, ట్యాంకులు కడిగే వ్యాపారం మొదలైపోతుంది. హైదరాబాద్‌లో ఇప్పుడు గల్లీకొకరు ఈ పనిలోకి దిగుతున్నారు. సంపును తళతళలాడేలా కడగడం అందరికీ వస్తోంది. అందులోకి మనిషిని దింపడమే చాలామందికి రావడం లేదు. 11 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇప్పటికీ రోడ్డు మీద వెళ్తూ ఎవరో తాడు లేకుండా సంపులోకి దూకడం చూస్తే బండి ఆపేస్తాను.

నేను చెప్పేది మంచినీళ్ల సంపుల గురించే. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపమని ఎవరు ఎంత ఇస్తామన్నా ఒప్పుకోకండి. తగిన రక్షణ లేకుండా అందులోకి దింపి కడిగించడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ (మనుషుల చేత మలం ఎత్తించడం) నిషేధ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు పడవచ్చు.

సామాన్లు: గాలి కొట్టే బ్లోయర్, సంపు అడుగుదాకా అందే గొట్టం, ఛాతీకి, తొడలకు పట్టే హార్నెస్ (పట్టీల కట్టు), మూడుకాళ్ల స్టాండు, దానికి చేత్తో తిప్పి తాడు లాగే వించ్, నాలుగు గ్యాసుల మీటరు (ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, మండే గ్యాసులు చూపేది), 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు, గమ్ బూట్లు, గ్లవ్స్. నడుముకి కట్టే బెల్టు వద్దు. స్పృహ తప్పిన మనిషిని నడుము పట్టి లాగితే మడతపడి మూత దగ్గర ఇరుక్కుంటాడు.

మనుషులు ముగ్గురికి తగ్గకూడదు. ఇద్దరితో పని ఒప్పుకోవద్దు.

కరెంటు: సంపు మోటారు ఆపించండి. స్విచ్ ఆపితే సరిపోదు. చాలా ఇళ్లలో ఆటోమేటిక్ కంట్రోలర్లు ఉంటున్నాయి, పై ట్యాంకులో నీళ్లు తగ్గగానే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. ఫ్యూజు పీకి పైన నిలబడే మనిషి జేబులో పెట్టుకోవాలి. ఫ్యూజు బదులు ఎంసీబీ (మీటరు బోర్డులో ఉండే స్విచ్) అయితే ఆపి టేపు చుట్టి, వాచ్‌మన్‌కీ ఇంట్లోవాళ్లకీ చెప్పాలి. మన పంపుతో నీళ్లు తోడుతున్నంతసేపు లోపల ఎవరూ ఉండకూడదు.

ఇక అసలు పని గాలి. ఇక్కడ తొందరపడితే మనిషి పోతాడు.

మూత వేసి ఉన్న సంపులో అడుగున మడ్డి, ఆకులు కుళ్లుతూ ఉంటాయి. ఆ కుళ్లు ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఇనుప మెట్లు తుప్పు పట్టినా అంతే. కొత్తగా కట్టిన సంపు శుభ్రంగా ఉంటుందని అనుకోకండి. సెంట్రింగ్ చెక్కలు (శ్లాబు పోసేటప్పుడు కింద ఆసరాగా పెట్టేవి) తీయడానికి దిగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకునేది అలాంటి వాటిలోనే. తడి చెక్క కుళ్లుతూ గాలిలో ఆక్సిజన్ లాగేస్తుంది. వాసన ఏమీ రాదు, మనిషికి తెలిసేలోపే కాళ్లు తేలిపోతాయి.

మూత తీసి మీటరును తాడుతో దించండి. పైన, మధ్యలో, అడుగున ఒక్కోచోట రెండు నిమిషాలు ఆపండి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. మీటరు 19.5 కంటే తక్కువ చూపినా, ఏ గ్యాసు అలారం మోగినా దిగడం లేదు. అంకె బాగున్నా సరే, 20 నిమిషాలు బ్లోయర్ నడవాల్సిందే, అది నా రూలు. గొట్టం చివర మడ్డికి ఒక అడుగు పైన ఉండాలి. బ్లోయర్‌ను ఆటో సైలెన్సర్‌కీ జనరేటర్‌కీ దూరంగా పెట్టండి, లేకపోతే పొగను మనమే లోపలికి పంపినవాళ్లమవుతాం. తర్వాత మళ్లీ మీటరు. మనిషి లోపల ఉన్నంతసేపు బ్లోయర్ ఆగకూడదు, మీటరు అతని ఛాతీ మీదే ఉండాలి. మడ్డి కదిపినప్పుడు అందులో ఇరుక్కున్న విషవాయువు ఒక్కసారిగా పైకి వస్తుంది. గాలి కోసం ఆక్సిజన్ సిలిండర్ మాత్రం వదలకండి, ఆక్సిజన్ ఎక్కువైతే చిన్న నిప్పురవ్వకే ఒంటి మీద బట్టలు కూడా భగ్గుమంటాయి.

కొందరు దీపం దించి చూస్తారు. బావుల్లో పెద్దవాళ్లు లాంతరు దించేవారు, వేపకొమ్మలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఊపి గాలి ఆడించేవారు. వాళ్ల దగ్గర మీటరు లేదు, ఉన్నదానితో చేశారు. మనకు ఉంది. కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చంపేంత ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి ఉంటే ఆ దీపమే పేలుడుకు కారణమవుతుంది. మీటరు ఖరీదు ఒక సెకండ్ హ్యాండ్ బైకంత. బైకు తర్వాత కొనుక్కోండి.

మొదటి ఏడాదిలో నేనూ తప్పు చేశాను. పెట్రోలు ఇంజను పంపును సంపు మూత పక్కనే పెట్టి నడిపాను, దాని పొగ లోపలికి పోయింది. లోపలున్న కుర్రాడు "అన్నా, తల దిమ్ముగా ఉంది" అన్నాడు, మరుక్షణం ఒరిగిపోయాడు. తాడు కట్టి ఉంది కాబట్టి లాగగలిగాం. ఆరు బయట అరగంట కూర్చోబెట్టాక గానీ మాట సరిగ్గా రాలేదు, ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆ రోజు నుంచి ఇంజను పంపు వాడలేదు.

ఇది మీ కుర్రాళ్ల చేత రోజూ చెప్పించండి: లోపలివాడు పడిపోతే పైవాడు దిగకూడదు. ఒకడి కోసం ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు, సంపుల్లో ప్రాణాలు ఇలాగే వరసగా పోతాయి. అన్నదమ్ములైతే అసలు ఆగరు. అందుకే నేను అన్నదమ్ములను ఒకే సంపు దగ్గర పెట్టను. పైవాడి చెయ్యి వించ్ మీదే ఉండాలి. నిమిషానికోసారి పేరు పెట్టి పిలవాలి. పలకకపోతే రెండోసారి పిలవకుండా లాగేయాలి. ఇంకొకరు 112కో 108కో ఫోన్ చేయాలి.

"మొన్న వచ్చినోళ్లు పది నిమిషాల్ల దిగిండ్రు గదా అన్నా" అంటారు ఇంటివాళ్లు. వాళ్లకు మీటరు చూపించి అంకెలు వివరించండి. అయినా తొందర పెడితే సామాను ఆటోలో ఎక్కించేయండి.

కడగడం మీకు తెలిసిందే. ఒక్క మాట: బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ ఒకే రోజు ఒకే సంపులో వాడకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది.

పని అయ్యాక ముగ్గురూ పైన ఉన్నారని లెక్క చూసుకుని మూత వేయండి. ఫ్యూజు ఆ తర్వాతే పెట్టాలి.