దూర ప్రయాణానికి చేతి గేమింగ్ పరికరం: మూడో పాఠం – బ్యాటరీ లెక్క

గత రెండు పాఠాల్లో మీరు ప్రయాణంలో నిజంగా ఆడే ఆటల జాబితా రాసుకున్నారు, పరికరం బరువు, తెర సంగతి చూసుకున్నారు. ఆ జాబితా ఇప్పుడు పక్కన పెట్టుకోండి, దానితోనే పని. ఇంట్లో వాడుకునేవాళ్లకు బ్యాటరీ చిన్న విషయమే కావచ్చు. పది గంటలు ఒకే సీట్లో కూర్చునేవాళ్లు మాత్రం ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే.

పెట్టె మీద రాసే గంటలతో మొదలుపెడదాం. 2023లో వచ్చిన చేతి గేమింగ్ పరికరం స్టీమ్ డెక్ ఓలెడ్‌కు దాన్ని తయారుచేసే వాల్వ్ కంపెనీ చెప్పే లెక్క 3 నుంచి 12 గంటలు. రెండూ నిజమే, కానీ మధ్యలో నాలుగు రెట్ల తేడా ఉంది. ఆ తేడా ఎక్కణ్నుంచి వస్తుందో తెలిస్తే ఈ పాఠంలో సగం వచ్చేసినట్టే.

బ్యాటరీని నీళ్ల బిందె అనుకోండి. బిందెలో ఎన్ని నీళ్లు పడతాయో చెప్పేది వాట్ అవర్. కింద చిల్లులోంచి ఎంత వేగంగా కారుతున్నాయో చెప్పేది వాట్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే గంటలు వస్తాయి. డెక్ ఓలెడ్ బ్యాటరీ 50 వాట్ అవర్లు. దాన్ని 3తో భాగిస్తే దాదాపు 17 వాట్లు, అంటే బరువైన త్రీడీ ఆట లాగే కరెంటు. 12తో భాగిస్తే 4 వాట్ల పైచిలుకు, ఇది చిన్న టూడీ ఆటకు, తెర వెలుగు తగ్గించినప్పుడు. మీ జాబితాలోని ఆటలు ఈ రెండు కొసల్లో దేనికి దగ్గరో చూసుకుంటే చాలు, కంపెనీ చెప్పిన గంటలతో పనిలేదు.

ఇక్కడ చాలామంది బోల్తా పడేది ఎంఏహెచ్ (మిల్లీయాంప్ అవర్, బ్యాటరీల మీద రాసే ఇంకో కొలత) అంకె దగ్గర. నింటెండో స్విచ్ 2 బ్యాటరీ 5220 ఎంఏహెచ్. మొదటి స్టీమ్ డెక్‌ది కూడా సుమారు 5200. చూడ్డానికి రెండూ సమానం. కానీ డెక్ బ్యాటరీ వోల్టేజి రెండింతలు కాబట్టి అందులో 40 వాట్ అవర్లు ఉంటే, స్విచ్ 2లో దాదాపు 20 మాత్రమే. రెండు పరికరాలను పోల్చేటప్పుడు ఎంఏహెచ్‌ను అసలు చూడకండి. వాట్ అవర్లు ఇవ్వకపోతే, ఎంఏహెచ్‌ను వోల్టేజితో గుణించి వెయ్యితో భాగించండి.

అలాగని బ్యాటరీ ఎంత పెద్దదైతే అంత మంచిదనీ కాదు. 2017 నాటి తొలి స్విచ్‌లో 16 వాట్ అవర్ల బ్యాటరీ ఉండేది, రెండున్నర నుంచి ఆరున్నర గంటలు వచ్చేది. 2019లో నింటెండో అదే బ్యాటరీని ఉంచి, తక్కువ కరెంటు తాగే చిప్ పెట్టింది. అంతే, నాలుగున్నర నుంచి 9 గంటలైంది. సెకండ్‌హ్యాండ్‌లో స్విచ్ కొనేవాళ్లకు ఇది డబ్బు విలువ చేసే సంగతి: పరికరం మీద మోడల్ సంఖ్య హెచ్‌ఏసీ-001(-01) అని ఉంటే కొత్త చిప్‌ది, ఉత్త హెచ్‌ఏసీ-001 అని ఉంటే పాతది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇంకో దారి బిందెనే పెద్దది చేయడం. అసుస్ 2023లో తెచ్చిన ఆర్ఓజీ ఆలీలో 40 వాట్ అవర్లు, బరువు 608 గ్రాములు. మరుసటి ఏడు ఆలీ ఎక్స్‌లో దాన్ని 80 చేశారు, బరువు 678 గ్రాములైంది. 70 గ్రాములకు రెట్టింపు బ్యాటరీ! బరువైన ఆటలు ఆడుతూ దూరం వెళ్లేవాళ్లకు ఇంతకన్నా మంచి బేరం ఈ వర్గంలో నాకు కనిపించలేదు.

చిల్లును మనమే చిన్నది చేసుకోవచ్చు కూడా. డెక్, ఆలీ లాంటివాటిలో ఫ్రేమ్ రేటును (సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్యను) 60 నుంచి 40కి దించండి, చిప్‌కు పవర్ లిమిట్ పెట్టండి, వెలుగు తగ్గించండి. నిదానంగా సాగే ఆటల్లో ఆ 20 ఫ్రేములు లేవన్న సంగతే తెలీదు, వాట్లు మాత్రం బాగా తగ్గుతాయి. స్విచ్‌లో ఫ్రేమ్ రేటు, చిప్ పవర్ మన చేతిలో ఉండవు.

ఇక పవర్ బ్యాంక్. 20,000 ఎంఏహెచ్‌ది అంటే 3.7 వోల్టుల లెక్కన 74 వాట్ అవర్లు. వోల్టేజి మార్పులో కొంత వేడిగా పోతుంది కాబట్టి పరికరానికి చేరేది 60 అనుకోండి. సామర్థ్యంతో పాటు వేగం కూడా చూడాలి. ఆట 17 వాట్లు లాగుతుంటే, 10 వాట్లే ఇచ్చే పవర్ బ్యాంక్ తగిలించినా బ్యాటరీ దిగుతూనే ఉంటుంది, కాస్త నెమ్మదిగా. సీట్ల దగ్గర ఉండే పాత యూఎస్‌బీ సాకెట్లదీ ఇదే కథ. యూఎస్‌బీ-సీ పవర్ డెలివరీతో (ఎక్కువ వాట్లు పంపే ఛార్జింగ్ పద్ధతితో) 45 వాట్లు ఇచ్చేది తీసుకుంటే డెక్‌కు సరిపోతుంది.

విమానంలో వెళ్తుంటే ఇంకో లెక్క ఉంది. పవర్ బ్యాంక్‌ను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, వెంట తీసుకెళ్లే సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. పైగా 2025లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏప్రిల్ 1 నుంచి, ఎమిరేట్స్ అక్టోబరు 1 నుంచి విమానంలో పవర్ బ్యాంక్‌తో ఛార్జింగ్ చేయడాన్నే నిషేధించాయి. అందుకే విమాన ప్రయాణాలే ఎక్కువైతే, పవర్ బ్యాంక్‌ను నమ్ముకోకుండా పరికరంలోపలి బ్యాటరీనే లెక్కలోకి తీసుకోమంటాను.

ఒక లెక్క చేసి చూద్దాం. పది గంటల ప్రయాణం, అందులో ఆడేది 5 గంటలు, పరికరం డెక్ ఓలెడ్. 17 వాట్ల ఆటైతే 85 వాట్ అవర్లు కావాలి. లోపల ఉన్నవి 50, తక్కువ పడేవి 35, పవర్ బ్యాంక్ ఒకటి తప్పదు. 7 వాట్ల ఆటైతే 35 చాలు, ఏమీ మోయక్కర్లేదు.

అభ్యాసం: మీ జాబితాలోని రెండు ఆటలు తీసుకోండి, ఒకటి బరువైనది, ఒకటి తేలికైనది. మీ దగ్గరో స్నేహితుల దగ్గరో పరికరం ఉంటే, ఛార్జ్ 90 శాతం ఉన్నప్పుడు మొదలుపెట్టి, ఛార్జర్ తగిలించకుండా ఒక్కోటీ అరగంట ఆడండి. 50 వాట్ అవర్ల బ్యాటరీ 15 శాతం దిగితే ఖర్చు ఏడున్నర, గంటకు పదిహేను, అంటే 15 వాట్లు. డెక్‌లో అయితే పర్ఫార్మెన్స్ ఓవర్‌లే (ఆట మీదే అంకెలు చూపే పట్టీ) తెరిస్తే వాట్లు తెర మీదే కనిపిస్తాయి. వచ్చిన అంకెను మీ ప్రయాణంలో ఆడే గంటలతో గుణించి, ఆట పేరు పక్కన రాసుకోండి. నాలుగో పాఠంలో నెట్ లేని చోట ఏ ఆటలు తెరుచుకుంటాయి, ఏవి మొరాయిస్తాయి అన్నది చూస్తాం. దానికీ ఇదే జాబితా కావాలి.