నవల చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: అసలు మలుపు ఏది?

పోయిన పాఠంలో నవలలోని మలుపులన్నీ ఏరి ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం తీయండి. ఈరోజు అందులో ఒక్కటే మిగలాలి.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీద పడ్డాయి. ఆ కథ చెప్పమంటే మా ఇంట్లో అందరూ నీళ్లు గడప దాటిన క్షణం నుంచి మొదలుపెడతారు. మా అమ్మ మాత్రం అంతకుముందు నుంచి చెప్తుంది. పక్కింటివాళ్లు సామాన్లు సర్దుకుంటుంటే మా నాయన "ఇంగ కాసేపు చూద్దాంలే" అన్నాడు కదా, అక్కడ నుంచి. ఆ మాట అనకుండా ఉంటే మేము రెండు రాత్రులు మిద్దె మీద గడిపేవాళ్లం కాదు. పెద్ద చప్పుడు చేసేది ఒకటి, కథను తిప్పేది ఇంకొకటి. (నాయన ఇప్పటికీ ఒప్పుకోడు.)

ఇప్పుడు 1949లో వచ్చిన జార్జ్ ఆర్వెల్ నవల 'నైన్టీన్ ఎయిటీ ఫోర్' తీసుకుందాం. అందులో ప్రభుత్వం జనం మీద ఎప్పుడూ కన్నేసి ఉంచుతుంది. విన్‌స్టన్ చాటుగా దానికి ఎదురు తిరుగుతాడు, జూలియా అతని ప్రియురాలు. చాలామంది విన్‌స్టన్, జూలియా దొరికిపోయే ఘట్టాన్ని ఎంచుకుంటారు. గోడ మీది పటం వెనక నుంచి గొంతు వినిపించడం, నల్ల యూనిఫాంల మనుషులు గదిలోకి దూరడం, అంతా టెన్షనే. కానీ ప్రభుత్వానికి ఎదురుగా ఆలోచించినా పట్టుకునే ఆలోచనా పోలీసులు విన్‌స్టన్‌ను ఏడేళ్లుగా గమనిస్తున్నారని తర్వాత తెలుస్తుంది. అంటే పట్టుకోవడం ఎప్పుడో ఖాయమైంది, ఆ రోజు ముహూర్తం వచ్చింది, అంతే. అది గడప దాటిన నీళ్ల లాంటిది.

మరి విన్‌స్టన్ దొంగచాటుగా రాసుకునే డైరీ? అది మొదలుపెట్టిన రోజే విన్‌స్టన్ తాను చచ్చినవాడితో సమానం అనుకుంటాడు. ఇది బలమైన జవాబే, పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. కాకపోతే ఆ ఏడేళ్ల లెక్క ప్రకారం డైరీకి ముందే అతని మీద కన్ను పడింది. డైరీ అతనికి మలుపు, ప్రభుత్వానికి కాదు.

ఇంకో చోట జాగ్రత్త. చిత్రహింసల మధ్య ఒక గొంతు "మలుపు వచ్చేసింది, నిన్ను కాపాడతాను" అన్నట్టు మాట్లాడుతుంది. రచయితే చెప్పేశాడని సంబరపడొద్దు. ఆ మాట ఎవరి వైపు నుంచి వస్తోందో చూడండి. హింసించేవాళ్లకు అది మలుపు. మనం వాళ్ల లెక్క ఎందుకు వేసుకోవాలి?

నా ఓటు 101వ గదికి, అంటే ఖైదీని అతను అన్నిటికంటే ఎక్కువ భయపడే దాని ముందు పెట్టే గదికి. విన్‌స్టన్‌కు అది ఎలుకలు. నేరం ఒప్పుకోవడం ద్రోహం కాదని, ప్రేమించడం మానేలా చేస్తే అదే అసలు ద్రోహమని విన్‌స్టన్ ముందే జూలియాతో అంటాడు. మన లోపలికి వాళ్లు రాలేరని జూలియా అంటుంది. పుస్తకమంతా ఆ మాట నిలబడుతుందా లేదా అన్న దాని మీదే నడుస్తుంది. ఎలుకల పంజరం మొహం దగ్గరికి వచ్చినప్పుడు విన్‌స్టన్ "నన్ను వదిలి జూలియాకు ఇది చేయండి" అని అరుస్తాడు. వాళ్లు లోపలికి వచ్చేశారు. డిస్టోపియా నవలల్లో, అంటే మనుషుల్ని అణిచేసే భయంకరమైన లోకాన్ని ఊహించి రాసినవాటిలో, బయటి లోకం చాలాసార్లు మారదు. అందుకే మలుపును మనిషి లోపల వెతుకుతాను.

ఈ వారం పని: రే బ్రాడ్‌బరీ 1953 నవల 'ఫారెన్‌హీట్ 451'. అందులో ఫైర్‌మెన్ పని మంటలార్పడం కాదు, పుస్తకాలు తగలబెట్టడం. మోంటాగ్ వాళ్లలో ఒకడు. ఒక ముసలావిడ పుస్తకాలు వదిలి రానని తనే అగ్గిపుల్ల గీస్తుంది. చాలా తర్వాత మోంటాగ్ తన కెప్టెన్ మీదికే మంట తిప్పుతాడు. రెండిట్లో ఒకటి ఎంచుకుని, రెండోది ఎందుకు వదిలేశారో కూడా మూడు వాక్యాల్లో రాయండి. నాలుగో వాక్యం రాస్తున్నారంటే కథ చెప్పడం మొదలైనట్టే, కొట్టేయండి.