రూపాయి బిళ్ల మీద నక్షత్రం

మా బాబాయికి తెనాలిలో వాచీలు బాగుచేసే కొట్టు ఉండేది. ఆయన కంట్లో బిగించుకునే నల్ల డిప్ప భూతద్దం ఇప్పుడు నా దగ్గరుంది. పది రెట్లు చూపిస్తుంది. దాన్ని ఫోన్ కెమెరాకు పెట్టి చిన్న చిన్న వస్తువుల ఫొటోలు తీస్తుంటాను. డిప్పతో సహా పెడితే ఫొటో చుట్టూ నల్లటి వలయం పడుతుంది. అందుకే మర తిప్పి అద్దం ఒక్కటే తీసి, అంచులకు డబుల్ టేపు వేసి మెయిన్ కెమెరా మీద అంటించాను.

మీరు రూపాయి బిళ్లతో మొదలుపెట్టండి. చదునుగా ఉంటుంది, దొర్లిపోదు. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలది. వజ్రం గుర్తుంటే ముంబై, చుక్కుంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా.

పది రెట్ల అద్దానికి వస్తువు దాదాపు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. చేత్తో పట్టుకుంటే ఆ దూరం నిలవదు. అటూ ఇటూ అగ్గిపెట్టెలు పేర్చి వాటి మీద ఫోన్ పెట్టండి. ఎత్తు చాలకపోతే అట్టముక్కలు దూర్చండి. ఫ్యాన్ ఆపి, మూడు సెకన్ల టైమర్ పెట్టండి. బటన్ నొక్కినప్పటి వణుకు కూడా ఫొటోలో కనిపిస్తుంది.

అసలు కిటుకంతా వెలుతురులోనే ఉంది. మొదటిరోజంతా ఫ్లాష్ వేసి తీశాను. ఒక పక్క అద్దం నీడ, ఇంకో పక్క తెల్లటి మెరుపు, నక్షత్రం జాడే లేదు! మర్నాడు పొద్దున కిటికీ పక్కన పెడితే ఏటవాలు వెలుగులో గీతలతో సహా లేచి నిలబడింది. రాత్రిపూటైతే ఇంకో ఫోన్ టార్చిని బల్ల మీదే పడుకోబెట్టి, ముందు ట్రేసింగ్ పేపర్ అడ్డంపెట్టండి. రెండోవైపు తెల్ల కాగితం నిలబెడితే నీడలు మెత్తబడతాయి. టార్చి కదపకుండా బిళ్లనే కొద్దికొద్దిగా తిప్పుతూ చూడండి.

తర్వాత పోపులపెట్టె తెరవండి. నున్నగా అనిపించే ఆవగింజ మీద వల అల్లినట్టు గీతలుంటాయి. కానీ గింజ పైభాగం స్పష్టంగా ఉంటే అంచులు మసకేస్తాయి. ఒక్కో అట్టముక్కా తీస్తూ ఐదారు ఫొటోలు తీసి, ఫోకస్ స్టాకింగ్ (ఒక్కో ఫొటోలో స్పష్టంగా ఉన్న భాగాన్ని ఏరి ఒకటిగా అతకడం) చేసే యాప్‌లో కలిపేస్తే గింజంతా తేటగా వస్తుంది. నాకు మూడోసారికి గానీ కుదరలేదు.

ఆవాలు మాత్రం సీసా మూతలో పోసి తీయండి. మా ఇంట్లో బీరువా కింద ఇప్పటికీ దొరుకుతున్నాయి.