స్టాక్‌హోమ్‌లో మ్యూజియంలు, భోజనం: ఒక రోజును ఎలా అమర్చుకోవాలి?

స్టాక్‌హోమ్‌లో రోజుకు రెండు మ్యూజియంలకు మించి పెట్టుకోకండి. ఆ రెండింటి మధ్య మధ్యాహ్న భోజనాన్ని సరైన వేళకు కుదుర్చుకుంటే చూసినది మనసులో నిలుస్తుంది, ఖర్చూ తగ్గుతుంది.

ముందుగా వారం చూసుకోవాలి. నేషనల్‌మ్యూజియం, ఆధునిక కళకు నెలవైన మొడెర్నా మ్యూసేట్ సోమవారం మూసి ఉంటాయి. వాసా మ్యూజియం ఆ రోజు కూడా తెరిచే ఉంటుంది. చాలాచోట్ల నగదు తీసుకోరు కనుక, మన బ్యాంకు కార్డులో అంతర్జాతీయ చెల్లింపుల సదుపాయాన్ని ఇంటి దగ్గరే ఆన్ చేసుకొని బయలుదేరండి.

ఉదయం తలుపులు తెరిచే వేళకే 7వ నంబరు ట్రామ్‌లో యూర్‌గోర్డెన్ దీవికి, అంటే వాసా దగ్గరకు చేరుకోండి. 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే, సుమారు 1,300 మీటర్లు సాగేసరికి మునిగిపోయిన ఈ యుద్ధనౌకను 333 ఏళ్ల తరువాత, 1961లో పైకి తీశారు. బాల్టిక్ నీటిలో ఉప్పు తక్కువ కావడంతో ఓడల కలపను తొలిచే పురుగు అక్కడ బతకలేదు; అందుకే కొయ్య ఇంతగా మిగిలింది. ముందు కింది అంతస్తులో నిలబడి ఓడను తలెత్తి చూసి, తరువాత ఒక్కో అంతస్తే ఎక్కండి. ఫిరంగి కిటికీల తలుపుల లోపలివైపు చెక్కిన సింహపు ముఖాల దగ్గర తప్పక ఆగండి. గాలి తాకిడికి ఓడ ఒరిగినప్పుడు నీరు చొరబడింది ఆ కిటికీల గుండానే. లోపల చల్లగా ఉంటుంది కనుక స్వెటర్ దగ్గర ఉంచుకోవడం మేలు.

పని రోజుల్లో పదకొండు నుంచి రెండు గంటల దాకా హోటళ్ల ముందు ‘డాగెన్స్ లంచ్’, అంటే ‘ఈ రోజు భోజనం’ అన్న బోర్డు కనిపిస్తుంది. ఆ భోజనం ధరలోనే సాధారణంగా సలాడ్, రొట్టె, కాఫీ కూడా వస్తాయి. రాత్రి భోజనం ఇంతకంటే చాలా ఖరీదు. శాకాహారులు ‘వెజెటారిస్క్’ అని అడగాలి. పేరొందిన ‘షెట్‌బుల్లార్’ మాంసపు ఉండలను సాధారణంగా గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి చేస్తారు. ఆ పట్టింపు ఉన్నవారు ముందే అడిగి తెలుసుకోండి.

భోజనం తరువాత అదే ట్రామ్‌లో కుంగ్స్‌ట్రేడ్‌గోర్డెన్ దగ్గర దిగి కొద్ది దూరం నడిస్తే, 1866లో తెరుచుకున్న నేషనల్‌మ్యూజియం వస్తుంది. పై మెట్ల దగ్గర గోడంతా పరుచుకున్న కార్ల్ లార్సన్ చిత్రం ‘మిడ్‌వింటర్‌బ్లూట్’ కరవు తీరడానికి రాజు తననే బలి ఇచ్చుకునే ఘట్టాన్ని చూపుతుంది. 1915 నాటి ఈ చిత్రాన్ని మ్యూజియం మొదట కాదంది. చివరికి 1997లో డబ్బిచ్చి కొనుక్కుంది. మెట్ల మీద కాసేపు నిలబడి చూడవలసిన చిత్రమిది.

తరువాత ‘ఫీకా’, అంటే కాఫీతో పాటు ఒక తీపి బన్ను. దాల్చినచెక్క బన్ను అన్నిచోట్లా దొరుకుతుంది గానీ, నా సలహా ఏలకుల బన్నే. దాన్ని తుంచగానే వచ్చే వాసన మన పాయసానిదే.

తిరుగు ప్రయాణానికి కుంగ్స్‌ట్రేడ్‌గోర్డెన్ స్టేషన్‌లో మెట్రో బ్లూ లైన్ ఎక్కి ఒక్క స్టాప్ తరువాత టీ-సెంట్రాలెన్‌లో దిగండి. అక్కడి తెల్లని రాతి కప్పు మీద నీలి తీగలతో పాటు, స్టేషన్‌ను కట్టిన కార్మికుల నీడబొమ్మలను కూడా కళాకారుడు పెర్ ఊలోఫ్ ఉల్ట్‌వెట్ చిత్రించాడు.