ఒకేసారి ఎక్కువ ఫైళ్లు పంపే ఫారం: అందరికీ పనిచేసేలా ఎలా కట్టాలి?

బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్ కోసం ఫారం నింపే కుర్రాడు ఆధార్, కంపెనీ ఐడీ, ఫొటో మూడూ ఫోన్‌లోంచే పంపాలి. అదే ఫారాన్ని చూపులేనివారు తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తోనూ, మౌస్ పట్టలేనివారు కీబోర్డుతోనూ నింపుతారు. దీనికి డ్రాగ్ అండ్ డ్రాప్ లైబ్రరీ వెతకడంతో మొదలుపెట్టకండి.

ముందు మామూలు ఫైల్ ఇన్‌పుట్ పెట్టి, దానికి ఒకేసారి చాలా ఫైళ్లు ఎంచుకోనిచ్చే 'మల్టిపుల్' ఆట్రిబ్యూట్ చేర్చండి. ఒకప్పుడు బ్రౌజర్‌కి ఈ పని చేతకాక ఫ్లాష్ అనే ప్లగిన్ తెచ్చుకునేవాళ్లం. 2020 డిసెంబర్ 31తో దాని కథ ముగిసింది. ఫారం మెథడ్ 'పోస్ట్', ఎన్‌కోడింగ్ 'మల్టీపార్ట్ ఫారం డేటా' ఉండాలి. ఈ ఎన్‌కోడింగ్ మరిస్తే ఫైల్ వెళ్లదు, దాని పేరు మాత్రమే వెళ్తుంది. సర్వర్‌లో పీహెచ్‌పీ భాష వాడుతుంటే ఇన్‌పుట్ పేరు చివర చదరపు బ్రాకెట్ల జత పెట్టండి, లేకపోతే చివరి ఫైల్ ఒక్కటే చేతికొస్తుంది.

ఎక్కువమంది తప్పు చేసేది తర్వాతి అడుగులో. బటన్ అందంగా లేదని ఇన్‌పుట్‌కి సీఎస్ఎస్‌లో 'డిస్‌ప్లే నన్' పెట్టి దాచేసి, లేబుల్‌ని బటన్‌లా దిద్దుతారు. మౌస్‌తో బాగానే పనిచేస్తుంది. కానీ ట్యాబ్ కీ నొక్కితే అక్కడ ఆగదు, స్క్రీన్ రీడర్‌కి ఆ ఇన్‌పుట్ ఉన్నట్టే తెలియదు. దాచక తప్పకపోతే ఒక పిక్సెల్ సైజుకి కుదించి, క్లిప్ చేసి దాచండి. ఇన్‌పుట్ తర్వాత లేబుల్ పెట్టి, కీబోర్డు ఫోకస్ వచ్చినప్పుడు లేబుల్ చుట్టూ గీత కనిపించేలా సీఎస్ఎస్ రాయండి. మా సలహా మాత్రం దాచొద్దనే: 'ఫైల్ సెలెక్టర్ బటన్' అనే సీఎస్ఎస్ సూడో ఎలిమెంట్‌తో అసలు బటన్‌కే రంగులు వేయొచ్చు. దాని మీది రాత బ్రౌజర్ భాషలోనే వస్తుంది కాబట్టి, తెలుగు మాట లేబుల్‌లో రాయండి.

రెండోసారి ఫైళ్లు ఎంచుకుంటే బ్రౌజర్ మొదటి ఎంపికను చెరిపేస్తుంది. అందుకని ఎంచుకున్నవాటిని జావాస్క్రిప్ట్ అర్రేలో దాచుకుంటూ, కింద జాబితాగా చూపండి. ప్రతి ఫైల్ పక్కన ఉత్త 'తొలగించు' అని కాక, 'ఆధార్ పీడీఎఫ్ తొలగించు' అని పేరుతో సహా వినిపించాలి. తొలగించాక ఫోకస్‌ని తర్వాతి బటన్‌కి పంపండి. ఆ పని మర్చిపోతే కీబోర్డు మనిషి మళ్లీ పేజీ పైనుంచి నడుచుకుంటూ రావాలి.

ఇప్పుడు కావాలంటే డ్రాగ్ అండ్ డ్రాప్ చేర్చండి, కానీ ఇన్‌పుట్‌ని తీసేయొద్దు. వెబ్ అందరికీ అందాలని చెప్పే మార్గదర్శకాలు, 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 కూడా లాగకుండా చేసే దారి ఒకటి ఉండాలంటుంది.

ఎంత శాతం వెళ్లిందో చూపాలంటే జావాస్క్రిప్ట్‌తో పంపేటప్పుడు 'ఫెచ్' కాకుండా పాత 'ఎక్స్ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్' వాడండి. దాని అప్‌లోడ్ ప్రోగ్రెస్ ఈవెంట్ ఆ పని చేస్తుంది. మారిన రాతను స్క్రీన్ రీడర్ వినిపించేలా చేసే 'రోల్ స్టేటస్' ఉన్న ఖాళీ పెట్టెను పేజీలో ముందే ఉంచి, తర్వాత అందులో రాయండి. ప్రతి శాతం చదివించారో వినేవాడి తల పోటెత్తుతుంది. '5లో 3 వెళ్లాయి' చాలు.

సర్వర్ హద్దులూ చూసుకోండి. పీహెచ్‌పీ సొంత అమరికలో ఫైల్‌కి 2 ఎంబీ, మొత్తం పోస్ట్‌కి 8 ఎంబీ, ఒకసారికి 20 ఫైళ్లు. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ అయితే పంపింది 1 ఎంబీ దాటగానే 'మరీ పెద్దది' అనే 413 ఎర్రర్ ఇస్తుంది. పోస్ట్ 8 ఎంబీ దాటితే పీహెచ్‌పీకి ఫారం మొత్తం ఖాళీగా అందుతుంది. అప్పుడు అన్నీ నింపినవాడికి 'పేరు రాయలేదు' అని కనిపిస్తుంది! ఆ హద్దును ఇన్‌పుట్ పక్కనే రాసి, పంపకముందే బ్రౌజర్‌లోనూ సైజు చూడండి. ఏ రకం ఫైళ్లు కావాలో ఇన్‌పుట్‌లో చెప్పే 'యాక్సెప్ట్' సూచన మాత్రమే, ఫైల్ రకాన్ని సర్వర్‌లో మళ్లీ తనిఖీ చేయాల్సిందే.

పెద్ద ఫైళ్లయితే జావాస్క్రిప్ట్ 'స్లైస్'తో ముక్కలు చేసి పంపండి. మెట్రో మెజెస్టిక్ దగ్గర నేలకిందికి దిగి సిగ్నల్ పోయినా, పోయిన ముక్క ఒక్కటే మళ్లీ పంపితే సరిపోతుంది.

చివరగా మౌస్ తీసి పక్కన పెట్టి ట్యాబ్, స్పేస్, ఎంటర్ కీలతోనే ఫారం పంపి చూడండి. తర్వాత విండోస్‌లో ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏతోనూ, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్‌తోనూ స్క్రీన్ చూడకుండా ప్రయత్నించండి.